మిగిలింది ఎవరి వంతు?

పండగ వెళ్ళిన మర్నాడు ఏ పత్రికలో మహిళల పేజీ తీసినా ఒకే సలహా కనిపిస్తుంది. మిగిలిపోయినవి పారేయకండి, వాటితో కొత్త వంటకం చేయండి అని. ఒకప్పుడు మిగిలిన ఇడ్లీలతో ఉప్మా, మిగిలిన అన్నంతో కట్లెట్లు చెప్పేవారు. ఇప్పుడు అదే సలహా ఫోన్లలో వీడియోలుగా వస్తోంది. ఈమధ్య కొత్తగా చేరింది ‘బేక్డ్ క్యాసరోల్’. పండగనాటి పులావుని లోతైన గాజు పళ్ళెంలో అడుగున పరచాలి. దానిమీద మిగిలిన కూర. ఆపైన గిలక్కొట్టిన గుడ్లు, పాలు కలిపి పోయాలి. గుడ్డు తినని ఇళ్ళల్లో పెరుగులో శనగపిండి కలిపి పోస్తారు. పైన చీజ్ తురుమో బ్రెడ్ పొడో చల్లి ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే పైన బంగారు రంగు పొర కడుతుంది. చివర్లో తెలివైన ఇల్లాలు దేన్నీ వృథా పోనివ్వదన్న మెచ్చుకోలు తప్పనిసరి.

ఆ వంటకంతో నాకు పేచీ ఏమీ లేదు. తిన్నాను, బాగానే ఉంటుంది. నా పేచీ ఆ ‘ఇల్లాలు’ అన్న మాటతోనే. పండగకి చుట్టాల్ని పిలిచింది ఇంటి పెద్ద. వండింది అందరికోసం. తిన్నది అందరూ. మరి మిగిలినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అది ఆమె ఒక్కదాని సమస్య ఎలా అయింది? ఆ ప్రశ్న వేసుకోకుండా మనం వంటకాల చిట్కాలు పంచుకుంటూ పోతే, ఆమె పని ఇంకొంచెం పెంచడమే అవుతుంది.

ఈ క్యాసరోల్ పుట్టిల్లు మన వంటిల్లు కాదు. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకి ఇంటిల్లిపాదీ కలిసి టర్కీ కోడి భోజనం చేస్తారు. పెద్ద పక్షి కనక తప్పకుండా మిగులుతుంది. మర్నాడు ఆ మాంసం, బంగాళాదుంప ముద్ద, కూరలు అన్నీ ఒక పళ్ళెంలోకి చేర్చి బేక్ చేయడం అక్కడి ఇళ్ళల్లో అలవాటు. ఆ దేశంలో ఉన్న మన తెలుగు ఆడపిల్లలు చాలామంది దాన్ని నేర్చుకున్నారు. వాళ్ళ ద్వారా, వీడియోల ద్వారా మనదాకా వచ్చింది. అదే పండగ బల్లమీద కనిపించే ఇంకో క్యాసరోల్ ఉంది, బీన్స్‌తో చేసేది. అది 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ ప్రయోగ వంటశాలలో తయారైంది. తయారుచేసిన బృందానికి నాయకురాలు డోర్కస్ రైలీ అనే ఉద్యోగిని. డబ్బా సూపు అమ్మకాలకి పనికొచ్చే వంటకం కనిపెట్టడం ఆమె ఉద్యోగం. దానికి ఆమెకి జీతం ఉంది, పేరు ఉంది. ఇంట్లో ఉన్న నాలుగు వస్తువులతో కొత్త వంటకం ఆలోచించడం జీతం ఇవ్వదగిన పని అని ఒక కంపెనీ డెబ్బై ఏళ్ళ కిందటే ఒప్పుకుంది. అదే పని ఇంట్లో చేస్తే మాత్రం అది ‘గుణం’ అయిపోతుంది.

ఆ గుణం మన ఆడవాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పండగనాటి గారెలు మర్నాడు తాలింపు పెట్టిన పెరుగులో పడి ఆవడలవుతాయి. ముద్దపప్పు పప్పుచారవుతుంది. బూరెల తోపు పిండి మిగిలితే అట్టు పోస్తారు. పూర్ణం మిగిలితే నాలుగు బొబ్బట్లు తడతారు. అన్నం మిగిలితే రాత్రికి నీళ్ళు పోసి చద్దన్నం, లేదా పొద్దున్నే పోపన్నం, ఎండాకాలమైతే వడియాలు. కనుమనాడు వండిన మాంసం కూర మర్నాటికి మరిగి ఇంకా రుచి పడుతుంది. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో తరవాణి కుండ ఉన్న ఇళ్ళల్లో గంజి చుక్క కూడా వృథా పోయేది కాదు. ఏది ఎంతసేపు నిలుస్తుంది, దేనికి పులుపు చేర్చాలి, దేన్ని ముందు తినెయ్యాలి అన్న ఈ పరిజ్ఞానమంతా ఏ పుస్తకమూ చదవని మన అమ్మమ్మలది. దాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. అది విద్య. విద్య అంటున్నాను కనకే, దానికి పట్టే శ్రమనీ సమయాన్నీ లెక్కగట్టమంటున్నాను.

క్యాసరోల్ సంగతే తీసుకుందాం. వీడియోలో చెప్పే అరగంట ఓవెన్‌ది. మిగతా పని మనిషిది. పండగనాటి రాత్రి అందరూ కబుర్లలో ఉండగా గిన్నె గిన్నెకీ మూత తీసి చూసి, చిన్న గిన్నెల్లోకి మార్చి, ఫ్రిజ్‌లో చోటు చెయ్యాలి. ఏది పాడైందో వాసన చూడాలి. మర్నాడు ఉల్లిపాయలు తరగాలి, చీజ్ తురమాలి, కూర నీళ్ళగా ఉంటే ఇగర్చాలి. పిల్లాడు కారం తినడని పక్కన వేరే గిన్నె. మామగారు బయటి రుచులు తినరని ఆయనకి మళ్ళీ పప్పూ అన్నం. చివరికి పళ్ళెం అంచుకి అతుక్కున్న మాడు నానబెట్టి గీకాలి. వీటన్నిటికంటే ముందు ‘ఏం చెయ్యాలి’ అని ఆలోచించాలి. ఆ ఆలోచన కూడా పనే. బస్సులో ఉన్నా ఆఫీసులో ఉన్నా అది బుర్రలో తిరుగుతూనే ఉంటుంది.

ఈ పని ఎంతో లెక్కలు కూడా ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్ళు దాటిన స్త్రీలలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నారు. పురుషుల్లో 26.1 శాతం. అలా చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే పురుషులు 97 నిమిషాలు చేస్తున్నారు. 2024లో మళ్ళీ సర్వే చేశారు. స్త్రీలకి 289 నిమిషాలు, పురుషులకి 88 అని తేలింది. ఐదేళ్ళలో ఆడవాళ్ళ పని పది నిమిషాలు తగ్గింది, సంతోషం. కానీ ఆ పది నిమిషాలూ మగవాళ్ళు అందుకున్నారనుకుంటే పొరపాటు. వాళ్ళది కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది!

న్యాయస్థానాలు కూడా ఈ లెక్కని పట్టించుకోవడం మొదలుపెట్టాయి. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద నష్టపరిహారం కేసులో సుప్రీంకోర్టు, చనిపోయిన గృహిణి పనికి కూడా ఆదాయం లెక్కగట్టి తీరాలంది. ఆ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ఈ 299 నిమిషాల లెక్కా ఉంది, 2011 జనగణన లెక్కా ఉంది. ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని ఆ జనగణనలో చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్ల మంది. పురుషులు 58 లక్షల లోపే. చనిపోయాక కోర్టు విలువ కట్టిన ఆ పనికి, బతికుండగా ఇంట్లో ఎవరు విలువ కడుతున్నారు? పండగ మర్నాటి పనికైతే ఆ పేరు కూడా లేదు. అది ‘సర్దుకోవడం’ మాత్రమే.

ఇక రెండో సంగతి. మిగిలింది ఎవరు తింటున్నారు?

మేము బస్తీల్లోనూ పల్లెల్లోనూ ఆరోగ్యం మీద సమావేశాలు పెట్టినప్పుడు నేనొక ప్రశ్న అడుగుతుంటాను. ‘నిన్న రాత్రి మీ ఇంట్లో ఆఖర్న తిన్నదెవరు? ఏం తిన్నారు?’ అని. మొదట నవ్వుతారు. తర్వాత ఒక్కొక్కరే చెబుతారు. ‘పోరగాళ్ళు తిన్నంక, ఆయన తిన్నంక, గిన్నెల ఉన్నది నేను తింట’ అంటుంది ఒకామె. ‘కూరైపోతే పచ్చడేసుకుంటాను, నాకేం, సరిపోద్ది’ అంటుంది ఇంకొకామె. కాస్త కలిగినింటి ఆమె చెప్పే జవాబు ఇంకోలా ఉంటుంది. ‘పారెయ్యడానికి మనసొప్పక తింటానండీ, ఆకలై కాదు’ అని.

ఈ జవాబులు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. లేనింట్లో మిగలదు కనక ఆమెకి చాలదు. ఉన్నింట్లో మిగులుతుంది కనక ఆమె నిన్నటిది తింటుంది, మిగతావాళ్ళు ఇవాళ్టిది వేడిగా తింటారు. చాలకపోయినా ఎక్కువైనా సర్దుబాటు చేసుకునే కడుపు మాత్రం ఒక్కటే. ఆమెని ఎవరూ బలవంతపెట్టలేదంటారు. నిజమే, ఎవరూ కొట్టి తినిపించరు. చిన్నప్పటినించీ అమ్మ ఎలా తిన్నదో చూస్తూ పెరిగితే చాలు, ఇక బలవంతం ఎందుకు? అందుకే 1993లో మన దేశం ఆమోదించిన స్త్రీల వివక్ష నిర్మూలన ఒప్పందం చట్టాలతో ఆగలేదు. స్త్రీ పురుషుల పాత్రల్ని గురించి పాతుకుపోయిన ఆచారాల్నీ అలవాట్లనీ మార్చే బాధ్యత ప్రభుత్వాలదని దాని ఐదో అధికరణం చెబుతోంది. కంచం దగ్గరి వరస కూడా అలాంటి అలవాటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నించి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత దేశం మొత్తం మీద 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు పురుషుల్లో దేశంలో 25 శాతం. నెలసరి, కాన్పులు, నులిపురుగులు, పేదరికం, ఇలా దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ఆఖర్న తినడం ఒక్కటే కారణం అని నేననను. కానీ గుడ్డూ, మాంసం ముక్కా, ఆకుకూరా పైవాళ్ళ కంచాల్లోకి వెళ్ళి, అడుగున పులుసు మిగిలే ఇంట్లో ఇనుము మాత్రలు పంచి చేతులు దులుపుకుంటే సరిపోదనే అంటున్నాను. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డులో ఇంటి యజమానిగా పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామె పేరే రాయాలంది. కార్డు మీద ఆమె యజమాని. కంచం దగ్గర ఆఖరి మనిషి.

నిలవున్నది తినడంలో అపాయం కూడా ఉంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే ఒక సూక్ష్మజీవి ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉండిపోతే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం తర్వాత ఓవెన్‌లో పెట్టినా పోదు. వాంతులు, విరేచనాలు దానివల్లనే. నీళ్ళు పోసి పులియబెట్టిన చద్దన్నానికి పులుపు కొంత కాపు. గిన్నెలో మూతపెట్టి పొద్దుటిదాకా పొయ్యి గట్టు మీద వదిలేసిన పులావుకి ఆ కాపు లేదు. కనక వండిన రెండు గంటల్లోపు వెడల్పు పళ్ళేల్లో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, తినేముందు లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చెయ్యాలి, ఒకసారి వేడి చేసినదాన్ని మళ్ళీ దాచకూడదు. ఈ మాట అందరికీ చెప్పాల్సిందే. అయితే ‘పాడైందేమో చూడు’ అని ముందు ఎవరి నోట్లో పెట్టిస్తున్నామో కూడా గమనించండి.

ఇంట్లోవాళ్ళు తినగా ఇంకా మిగిలితే? అప్పుడు పనిచేసే ఆమె గుర్తొస్తుంది.

పండగ మర్నాడు మన పట్టణాల్లో ప్లాస్టిక్ కవరు పట్టుకుని అపార్టుమెంట్ల మెట్లు దిగే స్త్రీలని చూస్తుంటాం. అందులో నిన్నటి పులిహోర, రెండు బూరెలు. ఇచ్చినవాళ్ళకి దానం చేశామన్న తృప్తి. అదే ఇంట్లో పండగనాడు సెలవిచ్చారా, అంటే లేదు. పండగ డబ్బు ఇచ్చారా, అంటే తిండి పెట్టాం కదా అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పని కార్మికుల కోసం చేసిన 189వ ఒప్పందం ఈ సంగతి తేల్చి చెప్పింది. వస్తు రూపంలో ఇచ్చేది వేతనంలో కొద్ది భాగమే ఉండాలి, దానికి కార్మికురాలు ఒప్పుకోవాలి, దాని వెల న్యాయంగా కట్టాలి. ఆ ఒప్పందానికి అనుకూలంగా ఓటేసిన మన దేశం ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు. మనం ఇచ్చే నిన్నటి పులిహోర ఆ లెక్కలో ఎక్కడ నిలుస్తుంది?

పైగా ఈ దేశంలో మిగిలిన అన్నం వెనక కులం ఉంది. దళితులకి కూలీ బదులు, పాకీ పనికి ప్రతిఫలంగా, పెళ్ళి పందిట్లో విస్తళ్ళలో మిగిలింది ఇచ్చిన చరిత్ర మనది. హిందీ రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో వచ్చిన తన ఆత్మకథకి ‘జూఠన్’ అని పేరు పెట్టారు. ఎంగిలి మెతుకులని దాని అర్థం. అంతకు డెబ్బై ఏళ్ళ ముందే, 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేద్కర్, ఇతరులు పడేసిన మెతుకులు తినడం మానుకుందామని తనవాళ్ళకి పిలుపునిచ్చారు. ఆకలి కన్నా గౌరవం ఎక్కువన్నది ఆ పిలుపు. కనక ఎవరికైనా తిండి ఇస్తున్నప్పుడు మనం తినగా మిగిలింది ఇస్తున్నామా, మనతోపాటు ఇస్తున్నామా అన్న తేడా చిన్నదేమీ కాదు. ఇంట్లో ఆఖర్న తినే ఆడది తనకంటే ఆఖర్న తినే ఇంకో ఆడదాన్ని తయారుచేసుకుంటే, మనం మాట్లాడే స్త్రీల హక్కులు సగం మంది ఆడవాళ్ళ దగ్గరే ఆగిపోతాయి.

‘అయితే పారెయ్యమంటావా?’ అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆకలితో పడుకునేవాళ్ళున్న దేశంలో అన్నం పారెయ్యమని ఎవరంటారు? ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో అరవై శాతం ఇళ్ళల్లోనిదే. వృథా నిజమైన సమస్యే. కానీ వృథా మర్నాడు మొదలవదు. ముందురోజు బియ్యం కొలిచినప్పుడు మొదలవుతుంది. ‘పదిమంది వస్తారు, పదిహేను మందికి వండు, తక్కువైతే పరువు పోతుంది’ అన్న చోట మొదలవుతుంది. ఎంతమందిని పిలవాలో, ఎన్ని రకాలు చెయ్యాలో నిర్ణయించేది ఒకరు. ఆ నిర్ణయం ఖరీదుని మర్నాడు తన ఒంటితో, తన సమయంతో చెల్లించేది ఇంకొకరు. పొదుపు పాఠం రెండోవాళ్ళకి మాత్రమే చెప్పడం అన్యాయం.

కనక మన సంఘాల్లో, మన శిక్షణ తరగతుల్లో ఈ విషయాన్ని వంటల చిట్కాగా కాక హక్కుల విషయంగా మాట్లాడుదాం. నాకు తోచినవి కొన్ని చెబుతున్నాను. పిలిచేవాళ్ళే ముందురోజు వంటింట్లోకి వచ్చి ఎంత వండాలో కూర్చుని లెక్క వెయ్యాలి. మిగిలింది ఏదైనా మర్నాడు ఇంట్లో అందరి కంచాల్లోకీ సమానంగా రావాలి. నిన్నటిది తినే రోజు అందరూ తినాలి, వేడిది తినే రోజు అందరూ తినాలి. క్యాసరోల్ చెయ్యాలనుకుంటే నిక్షేపంలా చెయ్యండి, కానీ ఇంట్లో మగపిల్లాడి చేత చేయించండి. నూనె చిందే భయం లేదు, పొరలు పరచడమే. వంట నేర్చుకోడానికి అంతకంటే తేలికైన మొదటి పాఠం ఉండదు. ఓవెన్‌లోంచి తియ్యడంతో పాఠం అయిపోదు. పళ్ళెం కడిగి బోర్లించాక అయిపోతుంది. ఇంటి పని కార్మికురాలికి పండగకి సెలవూ, పండగ డబ్బూ ముందు ఇవ్వండి. తిండి పెట్టదలిస్తే పండగనాడే, తాజాగా, మీరు తినకముందే కట్టివ్వండి.

ఇంకొక మాట మనకోసం కూడా. మన సంస్థల సభల్లో భోజనాలయ్యాక ఎంత మిగిలిందో చూసి, డబ్బాల్లో సర్ది, ఎవరికి పంపాలో ఆలోచించేది ఎవరు? ఉపన్యాసమిచ్చిన వక్తలా, వంట మనిషితో కలిసి వెనక వరసలో ఉండిపోయే గ్రామ కార్యకర్తలా? వచ్చే సమావేశంలో ఒకసారి చూడండి.

తెలంగాణలో తొమ్మిది రోజుల బతుకమ్మ ఎంగిలిపూల పేరుతో మొదలై సద్దుల పేరుతో ముగుస్తుంది. చివరిరోజు ఆడవాళ్ళు చింతపండు సద్ది, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు కట్టుకుని చెరువు దగ్గరికి వెళతారు. బతుకమ్మని నీళ్ళలో వదిలాక గట్టుమీద ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని తింటారు. సద్ది అంటే దాచుకున్న తిండే. అక్కడ ఎవరూ ఎవరికీ మిగిలింది పెట్టరు. అందరూ ఒకరిది ఒకరు తింటారు. దాచినది తినడంలో చిన్నతనమేమీ లేదని ఆ గట్టుమీది ఆడవాళ్ళకి తెలుసు. అదే వంతు ఇళ్ళల్లోకి రావాలని అడుగుతున్నాం, అంతే.